రెండు పిడుల చక్రం

పేర్లు రాయడమంటే ఎదిల్మా ఫియెస్తాస్‌కి ఇష్టం. పుయెర్తో మాన్సో హార్బర్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదే. పడవ కదిలే ముందు అందులో ఎవరెవరు వెళ్తున్నారో బైండు పుస్తకంలో రాయాలి, చీటీ చింపి ఇవ్వాలి, పడవ తిరిగొచ్చాక పక్క గడిలో ఎంతమంది వచ్చారో వెయ్యాలి. రెండు అంకెలూ ఒకటే అయితే ఆ పూట ఆవిడకు కాఫీ రుచిగా ఉంటుంది. ఒకటి కాని రోజులు ఇన్నేళ్ళలో పదకొండు. ఆ పదకొండూ ఆవిడకు తేదీలతో సహా కంఠతా వచ్చు. ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు.

గురువారం పొద్దున లెఫ్టినెంట్ బర్రాంతెస్ ఒక కాగితం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు. నౌకాదళం తరఫున ఆఫీసుకి అధికారి అతనే. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, రాజధాని లిమా కుర్రాడు. సముద్రం పడని కడుపుతో నౌకాదళంలో ఎందుకు చేరాడో అతన్ని కన్న తల్లికే తెలియాలి.

"దొన్యా ఎదిల్మా, దీనికి జవాబు తయారుచెయ్యండి. సోమవారం లిమా పంపాలి. రెండు వాక్యాలు చాలు. 'మాకు అభ్యంతరం లేదు' అనండి, నేను సంతకం పెడతాను."

కాగితం రేవు కంపెనీ నుంచి. చైనా కంపెనీ ఈ ఊరి చిన్న రేవుని పెద్ద ఓడరేవు చేసి నాలుగేళ్ళయింది. రాతిగోడ కట్టి రేవునంతా లోపలికి తీసుకుంది. ఇప్పుడు మహా ఓడలూ బెస్తవాళ్ళ పడవలూ ఒకే గోడ లోపల ఉంటాయి. బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా గోడ చివర నీళ్ళ మీద తేలే ఉక్కు గేటు ఒక్కటే దారి. ఓడల అడుగున మత్తుమందు మూటలు కట్టి పంపే దొంగలు ఈ తీరంలో ఎక్కువ, అందుకని ఆ గేటు. దాన్ని తెరిచేది కంపెనీ మోటారు, మోటారుకి చెప్పేది కంప్యూటరు, కంప్యూటరుకి చెప్పేది సముద్రానికి అవతల ఉన్న హెడ్డాఫీసు. ఇవన్నీ కాక హార్బర్ ఆఫీసు వెనక షెడ్డులో ఒక ఇనప చక్రం ఉంది. రెండు పిడులు, చెరో పక్క ఒక మనిషి నిలబడి తిప్పితే గేటు చేత్తో తెరుచుకుంటుంది. ఆ చక్రాన్ని తీసెయ్యమని ఇప్పుడు కంపెనీ అడుగుతోంది. ఒక గేటుకి ఇద్దరు యజమానులుంటే దొంగకి సందు దొరుకుతుందని బీమావాళ్ళు అంటున్నారట. చక్రం తీస్తే ఇంకో రెండు ఓడలు ఆగే ధక్కా కడతారు. లేకపోతే ఆ ధక్కా ఉత్తరాన ఇంకో ఊరికి పోతుంది.

ఎదిల్మా చదివింది. తప్పేమీ కనిపించలేదు. గేటు పెట్టినప్పుడు ఒకసారి, మంత్రిగారు వచ్చినప్పుడు ఒకసారి తిప్పారు ఆ చక్రాన్ని. షెడ్డు తాళంచెవి ఆవిడ వెనక గోడకున్న మేకుకి, మేరీమాత కేలండరు పక్కన, ఊరికే వేలాడుతోంది. రెండు వాక్యాలూ చిత్తు కాగితం మీద రాసేసింది.

అప్పుడే వచ్చాడు ఆవిడ అన్న సెర్వాందో, శనివారం పండగ చీటీ కోసం. బెస్తల సంఘం పెద్ద, 'తెర్కా' అనే పడవకి యజమాని. తెర్కా అంటే మొండిది. పడవకి తల్లి జ్ఞాపకంగా ఆ పేరు పెట్టాడని అతనంటాడు, తనని చూసి పెట్టాడని ఊరంటుంది. బల్ల మీది కాగితాన్ని తలకిందులుగానే చదివేశాడు.

"ఇల్లు మనది, వాకిలి మనది, గడియ మాత్రం వాళ్ళ చేతిలోనా చెల్లీ?"

"ఆ గడియ వచ్చాకేగా నీ కూతురు ఉద్యోగంలో చేరి క్రేను ఎక్కి కూర్చుంది? నువ్వు పట్టిన కణవ చేపలు ఎండకి కుళ్ళకుండా ఐసు గదిలోకి పోతున్నాయి?"

"క్రేను ఎక్కితే ఎక్కింది. నేను కాదన్నానా? కిందికి దిగడానికి మెట్లు ఉండాలా వద్దా?"

"మెట్లు తీసేస్తున్నారని ఎవరన్నారు?"

"మరి ఆ కాగితంలో ఉన్నదేంటి, పెళ్ళి పిలుపా?"

ఎదిల్మాకి నవ్వొచ్చింది. అన్నతో వాదన పెట్టుకుంటే పొద్దుపోతుందని తెలుసు గనక కాగితం పుస్తకం కింద దోపేసింది.

ఫ్లాస్కు చంకలో పెట్టుకుని మెంగ్ వచ్చాడు. గేటు, మోటారు, కెమెరాలు అన్నీ అతని పూచీ. నలభై అయిదేళ్ళ మనిషి, ఊరంతా గౌరవంగా 'దోన్ మెంగ్' అంటారు. ఇక్కడి భాష బెస్తవాళ్ళ దగ్గర నేర్చుకోవడంతో అతని నోట ఇంజనీరు మాటలకంటే వలలు లాగేటప్పటి కేకలు ఎక్కువ.

"ఓరి నాయనో, ఏం చలి!" అంటూ కూర్చున్నాడు. ముగ్గురికీ టీ పోశాడు. "దొన్యా ఎదిల్మా, ఈసారి పండగ పేర్లు కంప్యూటర్లో ఎక్కించాలి. ప్రతి మనిషికీ పేరు, గుర్తింపు అంకె, ఫోటో. గేటు దగ్గర కెమెరా మొహం చూస్తుంది, లెక్క పెట్టుకుంటుంది. పుస్తకం వద్దు."

"పుస్తకం కూడా," అంది ఎదిల్మా.

"పుస్తకం కూడా," అని ఒప్పుకున్నాడు మెంగ్. ఆవిడతో వాదించకూడదని అతనికి మొదటి ఏడే తెలిసింది.

ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నందాకా ఎదిల్మా నలభై ఒక్క పడవల పేర్లు ఎక్కించింది. ఒక వేలితో కొట్టడం, కళ్ళజోడు పైకి తోసుకోవడం, మళ్ళీ కొట్టడం. పండగనాడు పడవల్లో బెస్తవాళ్ళే కాదు, పెళ్ళాలూ పిల్లలూ నాయనమ్మలూ అందరూ ఎక్కుతారు. ముసలమ్మలు ఆఫీసు గోడ ముందు నిలబడి, ఫోటో తియ్యబోతే జుట్టు సర్దుకుని, "ఇది సమాధి మీద పెట్టుకోవడానికి కూడా పనికొస్తుందా?" అని మెంగ్‌ని ఆటపట్టించారు. అతను పాపం నిజమనుకుని, తెల్ల గోడైతే బాగుంటుందని వాళ్ళని పక్కకి జరిపాడు.

చివరికి 'తెర్కా' మిగిలింది. సెర్వాందో, అతని భార్య, ముగ్గురు బాకా వాళ్ళు, ఫాదరు, డోలు కొట్టే మనిషి, అతిథిగా లెఫ్టినెంట్ బర్రాంతెస్. ఎనిమిది మంది. వీళ్ళకంటే ముందు, ఏటా లాగే, మొదటి పేరు పెద్రో. హోదా: నావికుడు.

పెద్రో అంటే చర్చిలోని కర్ర విగ్రహం, బెస్తల పునీతుడు. పండగనాడు ఆయనకు గడ్డి టోపీ పెట్టి, చేతికి చిన్న వల కట్టి, 'తెర్కా' ముందు భాగంలో నిలబెట్టి సముద్రం మీదికి తీసుకెళ్తారు. ఆ పడవకి ఆ పూట నావికుడు ఆయనే. ఎదిల్మాకి ముందు పుస్తకం రాసిన ముసలాయన అలాగే రాశాడు, ఆయనకు ముందువాళ్ళూ అలాగే రాశారు. ఆయన పేరు లేని చీటీతో పడవ కదలదు, అంతే.

కంప్యూటరు మాత్రం ఎనిమిది అంకెల గుర్తింపు లేనిదే పెద్రోని ఒప్పుకోలేదు. ఎదిల్మా కాస్త ఆలోచించింది. పండగ ఆరో నెల ఇరవై తొమ్మిది, విగ్రహం చెక్కింది పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో. రోజూ నెలా ఏడూ కలిపి కొడితే సరిగ్గా ఎనిమిది. కొట్టింది. ఫోటో అడిగింది. సంచీ తీసుకుని చర్చికి నడిచి వెళ్ళి, మోకరిల్లి, శిలువ గుర్తు వేసుకుని, ఫోను పైకెత్తి ఆయన్ని ఫోటో తీసుకొచ్చింది. గాజు కళ్ళు, రంగు బుగ్గలు, నల్ల గడ్డం. కంప్యూటరు తీసేసుకుంది. ఇందులో వింతేమీ ఎదిల్మాకి తోచలేదు. దస్తూరీ మారిందిగాని పని అదే కదా అనుకుంది.

శనివారం మబ్బుగా ఉంది, మంచు తుంపర. పదింటికి బాజాలతో పడవలు కదిలాయి. గేటు స్తంభానికున్న కెమెరా ముందు ఒక్కొక్క పడవా ఆగుతోంది, అందరూ మొహాలు పైకెత్తుతున్నారు, పచ్చ దీపం వెలుగుతోంది. ఆఫీసు కిటికీలోంచి ఎదిల్మా దుర్భిణీతో చూస్తోంది. 'తెర్కా' ఆగింది. ఎనిమిది మొహాలూ పైకి లేచాయి. ముందు నిలబడ్డ పెద్రో అయితే ఎలాగూ తలెత్తే ఉంటాడు. పచ్చ దీపం వెలిగింది. పడవల్లో ఒకటే కేకలు.

రేడియోలో సెర్వాందో గొంతు ఖంగుమంది. "చెల్లీ! మన పెద్రోని మిషను కూడా గుర్తుపట్టింది!"

ఎదిల్మా పొంగిపోయింది, చెప్పడానికేముంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి, తీరానికి దూరంగా, బాజాలు ఆగాయి. పూలదండ నీళ్ళలో వదిలారు. ఆ తర్వాత జరిగేది చూడక్కర్లేకుండానే ఎదిల్మాకి తెలుసు. విగ్రహాన్ని వెనక్కి తిప్పుతారు. వెళ్ళేటప్పుడు పెద్రో దారి చూపిస్తాడు, వచ్చేటప్పుడు రేవుకి వీపు పెట్టి సముద్రం వైపే చూస్తూ వస్తాడు. రాలేకపోయినవాళ్ళని కళ్ళతో కాస్తూ వస్తాడన్నమాట. కాలు నేల మీద పెట్టేదాకా ఆయన్ని ఎవరూ తిప్పరు. ఎదిల్మా పుస్తకంలో అంకెలు ఒకటి కాని ఆ పదకొండు రోజుల్లో ఒకటి సెర్వాందో పెద్ద కొడుకుది. ఆ పిల్లవాడు పోయి తొమ్మిదేళ్ళు. ఏటా ఈ క్షణాన రేడియోలో అన్న మాట్లాడడు, ఆవిడా పిలవదు.

'తెర్కా' ముందుగా గేటుకి చేరింది. వెనక నలభై పడవలు. ఎర్ర దీపం వెలిగింది. గేటు కదల్లేదు.

మెంగ్ కంట్రోలు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. చేతిలో పలక లాంటి కంప్యూటరు.

"దొన్యా ఎదిల్మా! ఒక మనిషి లేడు! తొమ్మిది మంది వెళ్ళారు, ఎనిమిది మొహాలే వచ్చాయి. నావికుడే లేడు. నీళ్ళలో పడ్డాడా? పేరు పెద్రో..." అని, తెర మీద ఫోటో కేసి చూసి ఆగిపోయాడు. గడ్డి టోపీ లేకుండా చూడ్డం ఇదే మొదటిసారి కాబోలు, కాస్త ఆలస్యంగా పోల్చుకున్నాడు. "ఓరి నాయనో," అన్నాడు మెల్లగా. ఈసారి ఆ మాట సరిగ్గా పడింది.

ఎదిల్మా ఆ ఫోటోని వేలితో చూపించింది. "నేనే ఎక్కించాను."

"మనిషి తక్కువైతే గేటు బిగిసిపోతుంది. పడవ దిగి ఓడ కిందికి ఈదే దొంగ అనుకుంటుంది. నేను తియ్యలేను. హెడ్డాఫీసు తియ్యాలి."

అతను ఫోను కలిపాడు. తన భాషలో గబగబా మాట్లాడాడు, ఆగాడు, మళ్ళీ మాట్లాడాడు. అక్కడ నడిరాత్రి. డ్యూటీలో ఉన్న కుర్రవాడు నిబంధన చదివి వినిపిస్తున్నాడు. పెద్రో అనేవాడు మనిషి కాదు, కర్ర విగ్రహమని మెంగ్ చెప్పాడు. అయితే ఆ సంగతి పడవ నావికుడు రాతపూర్వకంగా ఇవ్వాలన్నాడు అవతలి కుర్రవాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు! నావికుడు పెద్రోయే కదా. లేకపోతే పెద్దలు పొద్దున వచ్చి తీర్మానించాలి. పొద్దున అంటే ఇంకా ఆరు గంటలు.

రేడియో గరగరలాడింది. సెర్వాందో కూతురు నయేలి, డ్యూటీలో ఉంది, క్రేను మీది గదిలోంచి పిలుస్తోంది. ఊళ్ళో అందరికంటే ఎత్తున ఉండేది ఆ పిల్లే.

"అత్తా, దక్షిణం నుంచి పెద్దవి వస్తున్నాయి. ఒకటి కాదు, వరసగా. పడవలు ఇంకా బయటే ఉన్నాయేంటి?"

"ఎంత దూరం తల్లీ?"

"అరగంట. అంతకంటే ముందే కావచ్చు. అత్తా, అమ్మ ఆ పడవలోనే ఉంది."

పేరుకి పుయెర్తో మాన్సో, సాధు రేవు. గోడ లోపల సాధువే. గోడ బయట పెద్ద కెరటాలు వస్తే పడవల్ని రాళ్ళకేసి కొడతాయి. అవతల నలభై ఒక్క పడవలు, నిండా పిల్లలు, నాయనమ్మలు. ఎదిల్మా రేడియో నొక్కింది.

"అన్నయ్యా, ఆయన్ని ఇటు తిప్పు. కెమెరాకి మొహం కనపడాలి."

అన్న గొంతు వచ్చింది, "తిప్పను."

"అన్నయ్యా."

"వాడి వైపు చూస్తున్నాడే చెల్లీ. ఇంకా రేవు చేరలేదు. నడిమధ్య ఎలా తిప్పమంటావ్?"

"నాకు తెలియదా? వాడు రాని రోజు ఆ అంకె రాసింది నేను కాదా? నీ వెనక పడవల్లో నూటపది మంది పసిపిల్లలున్నారు. వాళ్ళ పేర్లు కూడా నేనే రాశాను. తిప్పు."

దుర్భిణీలో చూసింది. అన్న టోపీ తీశాడు. విగ్రహం భుజాలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు, కాసేపు అలాగే ఆనుకుని నిలబడ్డాడు, నిదానంగా రేవు వైపు తిప్పాడు. వదిన రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. గాజు కళ్ళు కెమెరాకేసి చూశాయి.

ఎర్ర దీపం అలాగే ఉంది.

"ఒకసారి బిగిస్తే అంతే," అన్నాడు మెంగ్. "మొహం చూపించినా లాభం లేదు. ముందే చెప్పవలసింది. క్షమించండి."

అన్న చేత అంత పని చేయించి కూడా గేటు తెరుచుకోలేదు. ఎదిల్మా వెనక్కి తిరిగి మేకు మీది తాళంచెవి తీసుకుంది. చక్రం తిప్పాలంటే లెఫ్టినెంటు ఉత్తర్వు ఉండాలి. లెఫ్టినెంటు 'తెర్కా'లో, అంచు మీంచి వంగి పొద్దుట తిన్నదంతా సముద్రానికి ఇచ్చేసుకుంటున్నాడు.

షెడ్డు తాళం తుప్పు పట్టి మొరాయించింది. చెప్పు తీసి రెండు దెబ్బలు వేస్తే ఊడింది. లోపల బూజు, పాత తాళ్ళు, మధ్యలో నడుమెత్తు చక్రం. ఎదిల్మా ఒక పిడి పట్టుకుని ఒళ్ళంతా వేసి తోసింది. కదల్లేదు. రెండో పిడి పట్టింది. కదల్లేదు. యాభై ఏడేళ్ళ ఒంటి బరువంతా దాని మీద వేసి, దాన్ని తిట్టి, బతిమాలింది.

మెంగ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తిరగదు," అన్నాడు. "మోటారు పట్టి ఉంచుతుంది. ముందు మోటారుని విడదియ్యాలి."

"ఎలా?"

ఫోను ఇంకా మెంగ్ చేతిలో వెలుగుతోంది, అందులోంచి ఆ కుర్రవాడు ఏదో అడుగుతూనే ఉన్నాడు. మోటారుని విడదీస్తే ఆ సంగతి ఆ క్షణమే హెడ్డాఫీసుకి తెలుస్తుంది, ఏ పరికరం నుంచి, ఎవరి పూచీలో, ఎన్ని గంటలకి అన్నీ. ఆ సంగతి మెంగ్‌కి తెలుసు. అతని మొహం చూస్తే ఎదిల్మాకీ తెలిసింది. ఆవిడ అతన్ని బతిమాలలేదు. అడగడానికి నోరు రాలేదు, నిజం చెప్పాలంటే. నాలుగేళ్ళుగా రోజూ టీ పోసిన మనిషి.

మొదటి పెద్ద కెరటం గోడ బయట విరిగింది. ఆ చప్పుడు షెడ్డు రేకుల్లోంచి వినిపించింది. పిల్లల ఏడుపు కూడా.

మెంగ్ ఫోనుని తాళ్ళ చుట్ట మీద బోర్లా పెట్టాడు. చక్రం వెనక్కి వంగి, బూజు చేత్తో తుడిచి, ఎక్కడో అడుగున ఉన్న ఇనప కమ్మీని రెండు చేతుల్తో పైకి లాగాడు. టక్కుమంది. ఎక్కడో సైరను మోగడం మొదలైంది.

"ఆ పక్క మీరు," అన్నాడు రెండో పిడి పట్టుకుంటూ. "హైలెస్సా!"

వలలు లాగే కేక అది. ఎదిల్మా అందుకుంది. చక్రం కీచుమని అరిచి, జానెడు కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. గేటు పడవ పట్టేంత తెరవడానికి అరవై నాలుగు చుట్లు. ఎదిల్మా లెక్కపెట్టింది, లెక్కపెట్టకుండా ఉండలేదు గనక. ఇరవయ్యో చుట్టుకి అరచేతులు బొబ్బలెక్కాయి. నలభైకి మెంగ్ కళ్ళజోడు కింద పడింది, ఎవరూ తియ్యలేదు.

ఆఫీసు ముందు మెట్ల మీద నిలబడి, ఆవిడ పడవల్ని ఒక్కొక్కటిగా లోపలికి లెక్కపెట్టింది. చివరిగా 'తెర్కా' వచ్చింది. ముందు చేరిన పడవ చివర రావడం ఏమిటంటే, సెర్వాందో పక్కకి తప్పుకుని పిల్లలున్న పడవలన్నిటినీ పంపి మరీ వచ్చాడు. విగ్రహం మళ్ళీ సముద్రం వైపు తిరిగి ఉంది.

సోమవారం పొద్దున కంపెనీ నుంచీ లిమా నుంచీ ఉత్తరాలు వచ్చి కూర్చున్నాయి. చక్రాన్ని ఎవరు వాడారు, ఎందుకు వాడారు, యంత్రంలో లోపం ఉందా?

లెఫ్టినెంట్ బర్రాంతెస్ రెండు రోజులకే సగమైపోయాడు. "యంత్రం పాడైందని రాద్దాం దొన్యా ఎదిల్మా. చక్రం ఉన్నచోటే ఉంటుంది, మీ మీదికీ ఏమీ రాదు. ఆ పేరు సంగతి ఎత్తొద్దు."

"అదీ మాట!" అన్నాడు సెర్వాందో. కబురు విని పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "మిషను పాడైంది. ఎవరు కాదంటారు?"

"మిషను ఎవరి పూచీ అన్నయ్యా?"

సెర్వాందో కిటికీలోంచి బయటికి చూశాడు.

"పాడైందని రాస్తే దోన్ మెంగ్ మెడకి చుట్టుకుంటుంది. మన పిల్లల కోసం అతను కమ్మీ లాగాడు. మనం అతని పీక మీద కాలు పెట్టి చక్రం దక్కించుకుందామా?" ఎదిల్మా చేతులకు గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. "మిషను పాడవలేదు. అది చెప్పినట్టే చేసింది. తొమ్మిది మందిని పంపానని నేను చెప్పాను, తొమ్మిది మందిని అడిగింది. నేనైనా అంతే అడుగుతాను. నాకూ దానికీ తేడా ఒక్కటే. ఒకడు తక్కువైతే నేను తలుపేసుకుని కూర్చోను, రేవుకి పరిగెత్తుతాను."

"నిజం రాస్తే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు లెఫ్టినెంట్. "కర్రబొమ్మకి గుర్తింపు అంకె ఇచ్చిన ఆఫీసు చేతిలో చక్రం ఎందుకు, పీకెయ్యండి అంటారు. మిమ్మల్ని కూడా."

"అంటే అననివ్వండి."

గురువారం రాసిన చిత్తు చింపేసి, కొత్త కాగితం మీద పెన్నుతో రాసింది. లెఫ్టినెంట్ భుజం మీంచి చదువుతున్నాడని తెలిసినా ఆగలేదు.

"రేవు మాకు కావాలి. కొత్త ధక్కా కూడా కావాలి. గేటు కంపెనీ చేతిలో ఉండటానికి మాకు అభ్యంతరం లేదు. చక్రం తీయడానికి అభ్యంతరం ఉంది. శనివారం తప్పు యంత్రానిది కాదు, దాన్ని చూసే ఇంజనీరుది కాదు. పునీత పెద్రోని మనిషిగా నమోదు చేసినది నేను. రేపు ఇంకొకరు ఇంకో తప్పు చేస్తారు. ఇక్కడివాళ్ళు చేయవచ్చు, అక్కడివాళ్ళు చేయవచ్చు. అందరూ మంచివాళ్ళయినా చేస్తారు. ఆ రోజు గేటు బయట ఉండేది మా పిల్లలు. కాబట్టి చేత్తో తిప్పే చక్రం వాళ్ళకి దగ్గరలో ఉండాలి. ఎదిల్మా ఫియెస్తాస్, గుమాస్తా."

లెఫ్టినెంట్ ఆవిడ పెన్ను తీసుకుని, తన సంతకం పెట్టి, కింద ఒక వాక్యం కలిపాడు: "నేను గేటు బయట ఉన్నాను."

సెర్వాందో ముక్కు చీదాడు. "చింపేసిన దాంట్లో రెండు వాక్యాలే ఉన్నాయి కదా చెల్లీ," అన్నాడు.

మంగళవారం, బుధవారం ఎదిల్మా మామూలుగా చీటీలు రాసింది. మెంగ్ రాలేదు. కంట్రోలు గదిలో కొత్త మొహం ఏదో కనిపిస్తోందని నయేలి చెప్పింది. ఆ రెండు రోజులూ ఆవిడ టీ తాగలేదు. తాగమని పోసేవాడు లేడు. బల్ల మీద మూడో కప్పు బోర్లించి పెట్టి, దాన్ని చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంది.

గురువారం లెఫ్టినెంట్ ఫోను పెట్టేసి ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. "లిమా నుంచి. విచారణ అయ్యేదాకా చక్రం ఉన్నచోటే ఉండాలట. కొత్త ఒప్పందంలో కూడా దాన్ని మన పేరనే రాయాలని అడుగుతారట. మీకో మెమో వస్తోంది."

"ఏమని?"

"'చెక్క వస్తువును సిబ్బందిగా నమోదు చేసినందుకు.'"

"ఆయన్ని వస్తువంటారా!" అంది ఎదిల్మా. మెమో కంటే ఆ మాటకే ఎక్కువ నొచ్చుకుంది.

గుమ్మంలో మెంగ్ నిలబడి ఉన్నాడు. చంకలో ఫ్లాస్కు, చేతిలో మూత ఉన్న డబ్బా. మనిషి నలిగి ఉన్నాడుగాని నవ్వుతున్నాడు.

"నన్ను పంపేస్తారా లేదా, ఇంకా తెలియదు," అన్నాడు ఎవరూ అడక్కముందే. "చక్రం ఎవరు తిప్పారని అడిగారు. ఒక పిడి నేను అని రాసిచ్చాను. మూడు రోజులు గదిలో కూర్చోబెట్టి అదే అడిగారు, అదే చెప్పాను. మీ ఉత్తరం నిన్న చూపించారు. తప్పు మీ మీద వేసుకున్నారని చదివి..." ఆ తర్వాతి మాట వలలవాళ్ళు అతనికి నేర్పలేదు మరి.

"కూర్చో దోన్ మెంగ్," అంది ఎదిల్మా. మూడో కప్పు తిప్పి పెట్టింది.

"ముందు ఇది చూడండి." కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాడు. "తప్పు పేరు తీసెయ్యమన్నారు. తియ్యడం కుదరదు, దానికి నావికుడి సంతకం కావాలట." ముగ్గురూ నవ్వారు. "ఊరికే వదిలేస్తే ఎప్పటికీ తప్పిపోయిన మనిషి కిందే ఉంటాడు. అందుకని మనిషి ఎక్కడున్నాడో చెప్పే జాబితాలో వెతికి ఒక మాట పెట్టాను. హెడ్డాఫీసు ఒప్పుకుంది."

తెర మీద అదే ఫోటో. పేరు పెద్రో, హోదా నావికుడు. దాని కింద ఎర్ర అక్షరాలు పోయి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి: 'సముద్రం మీద డ్యూటీలో ఉన్నారు.'

ఎదిల్మా ఆ మాటలు రెండుసార్లు చదివింది. అన్నకి చూపించాలి అనుకుంది. తర్వాత బైండు పుస్తకం తెరిచి, శనివారం నుంచి ఖాళీగా ఉంచిన 'తెర్కా' పక్క గడిలో ఎనిమిది అని వేసి, ఆ మాటలే దాని పక్కన రాసుకుంది.

మెంగ్ టీ ముట్టుకోలేదు. డబ్బా మూత తీశాడు. పసుపుపచ్చటి గ్రీజు, కంపెనీ స్టోరుది, నిండా ఉంది.

"మీ చక్రం మరీ బిగుసుకుంది," అన్నాడు. "అరవై నాలుగు చుట్లు! పదండి, తాళంచెవి తీసుకోండి."